రాత్రి రెండింటికి నూనె పోసే మనిషి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా రామచంద్రపురంలో ఒక డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థిని చేసిన ప్రసంగం పాఠం)

సభకు అధ్యక్షత వహిస్తున్న గ్రంథాలయాధికారి గారికి, ముందు వరుసలో కూర్చున్న మాస్టార్లకు, వెనక వరుసలో కూర్చుని అప్పుడే ఫోన్లు బయటికి తీసిన నా తోటి విద్యార్థులకు నమస్కారం.

ఈ వారోత్సవాల వేదిక ఎక్కినవాళ్లు పుస్తకాల గురించి మాట్లాడడం ఆనవాయితీ. నన్ను పిలిచిన పెద్దలు మాత్రం, నేను రోజూ చూసే వీడియోల గురించి, వాటిలో దేవుడూ మతమూ ఎలా కనబడుతున్నాయన్న దాని గురించి ఒక అరగంట మాట్లాడమన్నారు. ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టాను. ఆరున్నర పంటు, అంటే గోదావరి దాటించే పడవ, అందేలా నన్ను వదిలిపెట్టాలి. మాది గోదావరికి అవతల, ముక్తేశ్వరం దగ్గర పల్లె. పొద్దున్న ఏడింటికి రేవుకొచ్చి, పంటు మీద కోటిపల్లి దాటి, అక్కడ బస్సెక్కి ద్రాక్షారామం మీదుగా ఇక్కడికి కాలేజీకి వస్తాను. సాయంత్రం తిరిగి వెళ్లాక మా మావయ్య ఫోటో స్టూడియోలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వీడియోలు కత్తిరించి అతికిస్తాను. పెళ్లిళ్ల రోజులైతే పదకొండు దాటుతుంది. రికార్డులు, ఇంటర్నల్ పరీక్షలు, ఇంటి పని మిగిలిన సందుల్లో సర్దుకోవాలి. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. నాలాంటివాళ్లం తీరిక దొరికి వీడియోలు చూడం. పంటు మీద పది నిమిషాలు, బస్సులో పావుగంట, అన్నం తింటూ ఐదు నిమిషాలు, ఇలా ముక్కలు ముక్కలుగా దొరికే కాలంలో చూస్తాం. ఆ ముక్కల్లో పట్టేంత మతమే మా కంట పడుతుంది.

ముక్తేశ్వరంలో స్వామి పేరు క్షణ ముక్తేశ్వరుడు. క్షణంలో ముక్తినిచ్చాడని స్థలపురాణం. అరవై సెకన్ల వీడియోల కాలానికి అతికినట్టు సరిపోయిన పేరని నా స్నేహితులు నవ్వుతుంటారు. ఆయన క్షణంలో ఇస్తే ఇవ్వవచ్చు గాని, శివరాత్రి నాడు ఆయన గుడి దగ్గర వరుసలో నిలబడడం మాత్రం గంటల పని.

మొన్న కార్తీక సోమవారం నాడు పంటు మీద నిలబడి నేను చూసిన వీడియోలను లెక్కపెట్టాను. అవతలి ఒడ్డు చేరేలోపు తొమ్మిది వచ్చాయి. నాలుగింటిలో అద్భుతాలు: ఒక విగ్రహం కళ్లు తెరిచింది, ఒక పాము శివలింగాన్ని చుట్టుకుంది, ఒక ప్రార్థనలో చేతికర్ర పారేసి ఒకావిడ పరుగెత్తింది, ఒక స్వామీజీ వచ్చే ఏడాది ఎవరెవరికి గండాలో చెప్పాడు. మూడింటిలో తగాదాలు: ఒకరి దేవుణ్ని ఇంకొకరు ఏదో అన్నారు, దానికి ఇంకొకరు సవాలు విసిరారు, ఆ సవాలుకు జవాబు రేపు సాయంత్రం ఆరింటికి లైవ్‌లో. మిగిలిన రెండింటిలో ఒకటి పనసపొట్టు కూర, ఒకటి మా సిలబస్ పాఠం. తల ఎత్తి చూస్తే, నా పక్కనే ఒకావిడ అరటిదొప్పలో పెట్టిన ఒత్తులు నది గాలికి ఎగిరిపోకుండా కొంగుతో కప్పుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఒడిలో మనవడు నిద్రపోతున్నాడు. కోటిపల్లి రేవులో ఆ దొప్పను వదిలి, సోమేశ్వరస్వామిని చూసుకుని, మధ్యాహ్నానికి ఇంటికెళ్లి ఉపవాసం మీదే వంట చేస్తుందట. నేను చూసిన తొమ్మిది వీడియోల్లో ఆవిడ లేదు. ఆవిడలాంటివాళ్లు కూడా లేరు.

నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇక్కడే ఉంది. మన ప్రాంతంలో మతం అంటే నూటికి తొంభై పాళ్లు చప్పగా, క్రమం తప్పకుండా, చేతులతో చేసే పని. ముగ్గు పెట్టడం, నూనె పోయడం, చాపలు దులపడం, మైకు కట్టడం, వంతులు వేసుకోవడం, చందా పుస్తకం రాయడం. ఫోన్‌లో కనబడే మతంలో ఈ తొంభై పాళ్లు కనబడవు. ఒక కొసన అద్భుతం, మరో కొసన తగాదా కనబడతాయి. మధ్యలోని పెద్ద ముక్కను కత్తిరించి పారేస్తున్న చేతుల్లో నావీ ఉన్నాయి కాబట్టి, ఈ మాట ఫిర్యాదులా చెప్పే హక్కు నాకు పూర్తిగా లేదు.

మీడియాలోకి మతం రావడం కొత్త సంగతేమీ కాదని ముందు ఒప్పుకోవాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. మన గోదావరి సీమలోని కాకరపర్రులో పుట్టిన ఉషశ్రీ గారు ఆ కేంద్రం నుంచి రామాయణ భారతాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు విన్నాయని మా నాయనమ్మ చెబుతుంది. ధర్మసందేహాలు అన్న ఆ కార్యక్రమానికి శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన జవాబు చెప్పేవారు. ఉత్తరం రాసి, డబ్బాలో వేసి, జవాబు కోసం ఆదివారాలు ఎదురుచూసేలోపు అడిగిన మనిషి కోపం ఎంతో కొంత చల్లారి ఉంటుందని నేను ఊహిస్తాను. ఇప్పటి కామెంట్‌కు ఆ అవకాశం లేదు. పడవ దిగేలోపు నాలుగు జవాబులూ, వాటికి ఎనిమిది తిట్లూ వచ్చేస్తాయి. క్రైస్తవుల ఇళ్లలో అదే రేడియోలో శ్రీలంక వైపు నుంచి వచ్చే విశ్వవాణి తెలుగు కార్యక్రమాలు పెట్టుకునేవారని మా వీధి చివరి మామ్మగారు చెప్పారు.

ఆ తర్వాత టీవీ వచ్చింది. దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 దాకా ఆదివారం పొద్దుటి పూట వచ్చింది. టీవీ పెట్టెకు బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టినవాళ్లు దేశమంతా ఉన్నారు. మా ఊళ్లోనూ ఉన్నారు. ఊరంతా ఒకచోట కూర్చుని చూసిన ఆ రోజులే బంగారు రోజులని ఇప్పుడు చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకుని మా నాయనమ్మను అడిగాను. ఆవిడ చెప్పిన సమాధానం నన్ను కాసేపు మాట్లాడనివ్వలేదు. "అప్పుడు టీవీ ఉన్నది ఒక్కరింట్లోనే అమ్మడూ. చాపల మీద కూర్చున్నవాళ్లు కొందరు, అరుగు మీద కూర్చున్నవాళ్లు కొందరు, కిటికీ అవతల నిలబడి చూసినవాళ్లు కొందరు. కిటికీ అవతల ఎవరు నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో నువ్వు అడక్కు, నేను చెప్పను." ఇప్పుడు ఆవిడకు సొంత ఫోన్ ఉంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తనకు కావలసిన ప్రవచనం తాను పెట్టుకుంటుంది, నచ్చకపోతే ఆపేస్తుంది. కాకినాడలో చాగంటి కోటేశ్వరరావు గారు మాట్లాడిన మాట మా ఇంటి వంటగదిలో వినబడుతుంది. కిటికీ అవతల నిలబడ్డవాళ్ల మనవళ్లు కూడా తమ ఫోన్‌లో తమ ప్రసంగీకుణ్ని తమ యాసలోనే వింటున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకవడం వల్ల మన పల్లెల్లో జరిగిన మేలు ఇది, దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

2020లో కరోనా కట్టడి నాటికి ఈ మేలు పూర్తిగా కళ్లబడింది. మార్చి 28 నుంచి దూరదర్శన్ పాత రామాయణాన్ని మళ్లీ వేసింది; గుళ్ల తలుపులు మూసి ఉండగా కల్యాణాలు ఫోన్‌లో చూశాం; చర్చిలవాళ్లు ఆదివారం ఆరాధనను లైవ్ ఇచ్చారు. మా మావయ్య స్టూడియో బతికిబట్టకట్టింది ఆ లైవ్‌ల వల్లే. పెళ్లిళ్లు ఆగిపోయిన ఏడాదిలో ఆయన మొదటిసారి ట్రైపాడ్ పట్టుకుని గుడి మంటపంలోనూ, తర్వాతి ఆదివారం చర్చి వేదిక పక్కనా నిలబడ్డాడు. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు, ఆ జాగాలోకి కొద్ది నెలల్లోనే రీల్స్, షార్ట్స్ వచ్చి కూర్చున్నాయి. మూడు గంటల కల్యాణాన్ని అరవై సెకన్లకు కుదించమని స్టూడియోకు పనులు రావడం అప్పుడు మొదలైంది.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్లలో ఎక్కువమందికి ఇది తెలియదు. యూట్యూబ్ 2012 నుంచి ఒక వీడియోను ఎంతమంది తెరిచారన్న దానికన్నా ఎంతసేపు చూశారన్న దానికి ఎక్కువ విలువ ఇస్తోంది. ప్రకటనల డబ్బు రావాలంటే ఛానల్‌కు 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ మాత్రమే పెట్టేవారికైతే 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. వీడియో నిడివి ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటన పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాల్లో అయిపోయే స్థలపురాణం ఎనిమిది నిమిషాల పది సెకన్లు ఎందుకు సాగుతుందో, అసలు విషయం ఏడో నిమిషం దాకా ఎందుకు రాదో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. వీడియో పెట్టిన మర్నాడు ఛానల్‌వాళ్లకు ఒక గీత కనబడుతుంది. ఏ సెకనులో ఎంతమంది చూస్తూ ఉన్నారో, ఎక్కడ వదిలి వెళ్లిపోయారో ఆ గీత చెబుతుంది. నేను మూడేళ్లుగా రోజూ చూస్తున్నది ఆ గీతనే.

మా దగ్గరికి వచ్చే ఒక చర్చి అయ్యగారు గత వేసవిలో అప్పుల గురించి ప్రసంగించారు. ఎవరికీ బాకీ ఉండవద్దన్న వాక్యం తీసుకుని, వారం వడ్డీలు, చిట్టీలు, పెళ్లికి పొలం తాకట్టు పెట్టడం, ఆడపిల్ల పేరున తెచ్చిన అప్పు ఎవరు తీరుస్తారన్న ప్రశ్న, ఇవన్నీ పేరు పెట్టి పిలిచినట్టు నలభై ఎనిమిది నిమిషాలు చెప్పారు. నేను హిందువును, అయినా ఎడిటింగ్ ఆపి రెండుసార్లు విన్నాను. మా ఊళ్లో అంత అవసరమైన మాట ఆ నెలలో ఇంకెవరూ చెప్పలేదు. మర్నాడు గీత చూస్తే, మూడో నిమిషానికే పల్లంలోకి జారిపోయింది. చివర్లో ఒకావిడ లేచి తన జ్వరం తగ్గిన సంగతి సాక్ష్యం చెబుతూ ఏడ్చిన చోట ఒక్కసారి గుట్టలా లేచింది. ఆ ఇరవై సెకన్లు కత్తిరించి షార్ట్‌గా పెట్టమన్నారు. పెట్టాను. ప్రసంగం మొత్తం చూసినవాళ్లు వందల్లో ఉంటే, ఏడుపు చూసినవాళ్లు వేలల్లో ఉన్నారు. అయ్యగారు ఆ తర్వాత అప్పుల గురించి మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. మనిషి మారిపోయాడని నేను అనను; ఆ గీతను ఆయనకు ఎవరో చూపించి ఉంటారని అనుకుంటున్నాను. రాములవారి కల్యాణం వీడియోలోనూ ఇదే కథ. జిలకర్ర బెల్లం, తలంబ్రాల దగ్గర గీత లేస్తుంది. ఆ రోజు ఊరందరికీ పానకం కలిపినవాళ్ల దగ్గర నేలకు అంటుకుని ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. గుళ్ల రహస్యాలు చూపించే ఒక ఛానల్‌కు మా స్టూడియో ఎడిటింగ్ చేసి పెడుతుంది. పేరు చెప్పను, చెబితే మావయ్యకు పని పోతుంది. లంక గ్రామాల వైపు ఒక చిన్న శివాలయంలో అఖండదీపం ఉంది. గర్భగుడి బయట, అద్దాల పెట్టెలో, మూరెడు ఎత్తు ఇత్తడి సెమ్మె. ఎనిమిదిన్నర నిమిషాల ఆ వీడియోకు, తెరవకముందు కనబడే బొమ్మ, అంటే థంబ్‌నెయిల్ మీద మాటలు నేను రాశాను: "వందేళ్లుగా ఆరని దీపం! ఆ గుడిలో అర్ధరాత్రి ఏం జరుగుతోంది?" వెనకాల నల్లటి మబ్బు, దీపం చుట్టూ నీలం వెలుగు నేనే పెట్టాను. అందులో అబద్ధమంటూ ఏమీ లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అర్ధరాత్రి జరిగేదేదో జరుగుతూనే ఉంది కదా. వీడియో బాగా పోయింది. ఛానల్‌వాళ్లు మెచ్చుకుని నాకు ఐదువందలు ఎక్కువ ఇచ్చారు.

రెండు నెలల తర్వాత అదే గుడికి వేరే పని మీద వెళ్లాం. పూజారి గారికి డెబ్భై దగ్గర పడి ఉంటాయి. నన్ను చూసి, "ఆ వీడియో తీసింది మీరేనా అమ్మా?" అని అడిగారు. శనివారాలు కార్లలో జనం వస్తున్నారని, అర్ధరాత్రి దాకా గుడి తెరిచి ఉంచమని పట్టుబడుతున్నారని, దీపం దానంతట అది ఎలా వెలుగుతుందో చూపించమంటున్నారని చెప్పారు. మరి నిజంగా ఏం జరుగుతుందని నేను అడిగాను. వీడియో కోసం వెళ్లినప్పుడు ఆ ప్రశ్న అడగాలని నాకు తోచనేలేదు, చూడండి. ఆయన అద్దాల పెట్టె వెనక నుంచి ఐదు లీటర్ల నూనె డబ్బా, ఒక చిన్న గరిట, కొబ్బరీనె పుల్ల ఒకటి తీసి చూపించారు. "రహస్యం ఏముందమ్మా. రాత్రి పదింటికి నిండుగా పోస్తే రెండున్నర దాకా వస్తుంది. నేను రెండింటికి లేచి మళ్లీ పోస్తాను. ఈ పుల్లతో ఒత్తి ఎగదోస్తాను. నాకు ఒంట్లో బాగోకపోతే మా ఆవిడ లేస్తుంది. అంతే." వందేళ్లుగా ఆరలేదట కదా అన్నాను. "ఎవరన్నారు? 2022 జులైలో వరదొచ్చినప్పుడు నీళ్లు మంటపంలోకి వచ్చేశాయి. రెండు రోజులు ఆరిపోయింది. నీళ్లు తీశాక కడిగి, సంప్రోక్షణ చేసి, మళ్లీ వెలిగించుకున్నాం. దీపం అన్నాక ఆరుతుంది, ఆరితే వెలిగించడానికే కదా నేనున్నది."

ఒక మనిషి ముప్ఫై ఏళ్లకు పైగా దాదాపు ఏ రాత్రీ తెల్లవార్లూ నిద్రపోలేదన్న సంగతి ఆ ఎనిమిదిన్నర నిమిషాల్లో ఎక్కడా లేదు. అది నాకు తెలియలేదు. తెలిస్తే పెట్టేదాన్నా అంటే, నిజం చెప్పాలి, పెట్టేదాన్ని కాదు. డబ్బా కనబడితే రహస్యం పోతుంది. రహస్యం పోతే ఏడో నిమిషం దాకా ఎవరూ ఉండరు.

కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం మీకందరికీ తెలిసిందే. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు, అంటే ఆయా ఊళ్ల శివుళ్లు, ప్రభలనే ఎత్తైన వెదురు చట్రాల మీద ఆ కొబ్బరితోటకు చేరతారు. తోటలో గుడంటూ ఏమీ లేదు. 2023లో రిపబ్లిక్ డే కవాతుకు ఆంధ్రప్రదేశ్ తరఫున ఈ తీర్థమే శకటంగా ఢిల్లీ వెళ్లింది కాబట్టి, మన ఉత్సవాల్లో దీనికి దక్కినంత ప్రచారం తక్కువవాటికి దక్కింది. ఫోన్‌లో చూసేవారికి తెలిసింది మాత్రం ఒక్క దృశ్యం: గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక కాలువలో దిగి, మోసేవాళ్లు గుండెలోతు నీళ్లలో కేకలు పెడుతూ ఒడ్డెక్కడం. ఆ దృశ్యం అద్భుతంగానే ఉంటుంది, నేనూ డ్రోన్ తీసిన ముక్కలు నాలుగేళ్లు వరుసగా ఎడిట్ చేశాను. దాని వెనక వెదుళ్లు ఎంచడం, చీల్చి వంచడం, తాళ్లు బిగించడం, రంగు గుడ్డలు కుట్టించడం, ఏ వీధివాళ్లు ఏ కొమ్ము కింద భుజం పెట్టాలో ముందే మాట్లాడుకోవడం, ప్రభ పొలంలోంచి పోతే చేను తొక్కుడుపడ్డ రైతు దాన్ని స్వామి వచ్చిన దారి అనుకోవడం ఉన్నాయి. ఆతిథ్యమిచ్చే మొసలపల్లి భోగేశ్వరుడి మర్యాద ఏమిటో, ఎవరి ప్రభ ముందు ఎవరిది ఎత్తాలో చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. వాళ్ల మాటలు రికార్డు చేసినవి నాకు తెలిసి మా స్టూడియో హార్డ్‌డిస్క్‌లో నలభై నిమిషాలున్నాయి. వాటిని ఎవరూ అడగలేదు.

అద్భుతాల సంగతి అది. తగాదాల వైపు నష్టం ఇంకా లోతుగా ఉంటుంది, కాని దాని గురించి నేను తక్కువే చెబుతాను, ఎందుకంటే దాని గురించి ఎక్కువ మాట్లాడడం కూడా ఆ గీతకు మేత వేయడమే అవుతుంది. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి టేకు రథం కాలిపోయింది. నేనప్పుడు పదో తరగతి. ఆన్‌లైన్ క్లాసుల కోసం నాన్న కొన్న ఫోన్‌లో తెల్లారేసరికి ఆ మంటల వీడియో వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఆ రోజు సరిగా అన్నం తినలేదు, అంత బాధపడ్డాం. మధ్యాహ్నానికల్లా అదే వీడియోకు వేరే వేరే గొంతులు తగిలించి పది రకాలుగా తిప్పారు, ఒక్కో దాంట్లో ఒక్కో దోషి. ఎవరికీ ఇంకా ఏమీ తెలియదు. రాష్ట్ర ప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని కోరడం కూడా ఆ తర్వాతి మాట. 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి కొత్త రథం తయారై స్వామిని మోసింది. ఆ రథాన్ని చెక్కిన వడ్రంగుల వీడియో ఒకటి ఉంది, నేను చూశాను. మంటల వీడియో నాకు పదిహేను సార్లు వచ్చింది. వడ్రంగుల వీడియోను నేను వెతికి చూడవలసి వచ్చింది. ఆ గుడిని కట్టించినవారిలో కోపనాతి కృష్ణమ్మ అనే పడవల యజమాని పేరు ప్రసిద్ధంగా చెబుతారన్న సంగతి ఆ పదిహేనింటిలో ఒక్కదాంట్లో కూడా లేదు.

మా క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ల నాన్నగారికి మైకుసెట్ల వ్యాపారం. ముస్లింలు. శ్రీరామనవమి పందిట్లో బాక్సులు ఆయనవే, డిసెంబరులో చర్చిల కూటాలకు ఆయనవే, మిలాద్‌కు సరేసరి. వినాయకచవితి తొమ్మిది రోజులూ ఆయన పందిరి వెనక నవారు మంచం మీదే పడుకుంటారు, యాంప్లిఫైయర్ ఎవరైనా ఎత్తుకుపోతారని. ఒకరోజు బస్సులో ఆ అమ్మాయి తన ఫోన్‌లో ఒక తగాదా వీడియో చూపించి, చాలా మెల్లిగా, "మీ ఇళ్లలో నిజంగా మా గురించి ఇలాగే మాట్లాడుకుంటారా?" అని అడిగింది. వాళ్ల నాన్నగారు మా ఊరి పందిట్లో ఇరవై ఏళ్లుగా పడుకుంటున్నారు. అన్ని ఏళ్లలో రాని అనుమానం నలభై సెకన్లలో వచ్చింది. అంతకన్నా ఇబ్బంది పెట్టిన విషయం ఏమిటంటే, దాదాపు అలాంటి ప్రశ్నే వాళ్ల గురించి నా మనసులోనూ ఒక వీడియో చూసినప్పుడు వచ్చింది. నేను అడగలేదు, అంతే తేడా. పొరుగువాళ్ల మతం గురించి మా వయసువాళ్లం పొరుగువాళ్ల దగ్గర నేర్చుకోవడం లేదు. వాళ్లలో అందరికన్నా గట్టిగా అరిచే మనిషిని చూసి నేర్చుకుంటున్నాం.

చట్టాల మాట ఎవరో అడుగుతారని తెలుసు, అందుకే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మంత్రాలు, తాయెత్తులు, కవచాలతో రోగాలు నయమవుతాయని ప్రకటించడాన్ని అడ్డుకునే చట్టం 1954 నుంచీ ఉంది. కేబుల్ టీవీ కార్యక్రమాలు మూఢనమ్మకాన్ని ప్రోత్సహించకూడదని 1994 నాటి నిబంధనల్లో ఉంది. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ ఉంది. ఇవి ఎక్కువగా ఎవరో ఒకరు ఫిర్యాదు చేశాకే కదులుతాయి. నా థంబ్‌నెయిల్ మీద ఏ సెక్షనూ పనిచేయదు.

పుష్కరాల గురించి మాత్రం కాసేపు ఆగాలి, రేపో మాపో మన ముందుకు రాబోతున్నాయి కాబట్టి. 2015 జులై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. దాని మీద వేసిన జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక, మీడియాలో జరిగిన విపరీత ప్రచారాన్నీ, ఆ ముహూర్తానికే మునగాలన్న జనం నమ్మకాన్నీ కారణాలుగా చెప్పింది. ఆ నివేదిక మీద రాజకీయంగా చాలా వాదాలు నడిచాయి, వాటి జోలికి నేను వెళ్లను. నాకప్పుడు పదేళ్లు. పుష్కరాలు పన్నెండు రోజులు ఉంటాయి, నది పొడవునా ప్రతి రేవులోనూ ఉంటాయి. టీవీలో మాత్రం ఒకే ఊరు, ఒకే ఘాటు, ఒకే నిమిషం కనబడ్డాయి. పక్కింటివాళ్లు మమ్మల్నీ రాజమండ్రి రమ్మంటే మా నాయనమ్మ, "గోదావరి మన పెరటి వెనకుండగా గోదావరి కోసం అంత దూరం పోవడమేమిటి" అని, ఐదో రోజు నన్ను మన రేవుకే తీసుకెళ్లి ముంచింది. ఆవిడ హేతువాది ఏమీ కాదు. గోదావరి ఎక్కడుందో ఆవిడకు టీవీ చెప్పనక్కర్లేదు, అంతే. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. ఈసారి ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంటుంది, ప్రతి ఫోన్‌లోనూ అదే ఘాటు, అదే నిమిషం ఉంటాయి. మా స్టూడియోకు ఇప్పటికే అడిగి వెళ్లినవారున్నారు. చిన్న రేవుల వీడియోలు తీద్దామని, ఎక్కడ మెట్లు బాగున్నాయో, ఎక్కడ లోతుందో, ఏ రోజు ఖాళీగా ఉందో చూపిద్దామని మావయ్యతో అన్నాను. "గీత లేవదు" అన్నారు. "లేవకపోతే లేవకపోయింది, జనం ఒకేచోట పోగుపడకుండా ఉంటారు కదా" అన్నాను. ఆలోచిస్తానన్నారు. ఆయన ఆలోచిస్తానన్నారంటే సగం ఒప్పుకున్నట్టే.

ఆ అఖండదీపం సంగతి మిగిలిపోయింది. పోయిన నెలలో మావయ్యను బతిమాలి, ఒక రాత్రి ఆ గుడి దగ్గరే ఉండిపోయాం. పూజారి గారు లేచి, ముఖం కడుక్కుని, కండువా దులుపుకుని, డబ్బా మూత తీసి, గరిటతో నూనె పోసి, పుల్లతో ఒత్తి ఎగదోసి, చేతులకు అంటిన నూనె తలకు రాసుకుని మళ్లీ వెళ్లి పడుకున్నారు. మొత్తం మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలనూ పాట లేకుండా, కప్పల అరుపులతో సహా, "నూనె పోయడం" అని పేరు పెట్టి నా సొంత ఛానల్‌లో పెట్టాను. నిన్నటికి 214 వ్యూస్ వచ్చాయి, అందులో కనీసం ముప్ఫై నావే. ఆ మర్నాడు పూజారి గారి మనవడు ఆయనకు చూపించాడట. సాయంత్రం ఫోన్ చేశారు. మెచ్చుకుంటారేమోనని ఎత్తాను.

"వీడియో బాగుందమ్మా. కాని వెనక గోడ మీద గడియారం పడింది, చూశావా? రెండూ పన్నెండు చూపిస్తోంది. ఆ రోజు కాస్త ఆలస్యంగా మెలకువ వచ్చింది. కమిటీవాళ్లు చూస్తే బాగుండదు, ఆ ముక్క తీసెయ్" అన్నారు.

గడియారం పడిన ఇరవై సెకన్లు కత్తిరించి మళ్లీ పెట్టాను. ఇప్పుడు అది రెండు నిమిషాల నలభై సెకన్లు ఉంది. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, కోటిపల్లి బస్సు రావడానికి ఇంకా పది నిమిషాలుంది.